పటమున లేనిది

నిజమునకును అబద్ధమునకును నడుమ నాలుగంగుళముల యెడము మాత్రమే కలదని మన పెద్దలు చెప్పుదురు. కంటికిని చెవికిని గల దూర మది. విన్నదానిని విచారించి నమ్మవలెననియు, కన్నదానిని నమ్మవచ్చుననియు ఆ మాటకు తాత్పర్యము. ఛాయాచిత్రము పుట్టని కాలమున ఈ మాట చాలియుండెను. నేడు మనము కన్నదని తలచుచున్నదానిలో అధికభాగము మన కన్నులు చూచినది కాదు. మరియొకడు, మరియొకచోట, తాను నిలిచిన తావునుండి, తాను కోరిన క్షణమున చూచి మనకు పంపినది. దానిని కన్నదానిలో చేర్పవలెనా, విన్నదానిలో చేర్పవలెనా?

ఈ ప్రశ్న వార్తాపత్రికల విషయమునకంటె మతసంస్థల విషయమున మిక్కిలి ముఖ్యమైనది. వార్తను నమ్మి మోసపోయినవాడు మరునాటి పత్రికతో తెలివి తెచ్చుకొనవచ్చును. గురువు పటమును నమ్మినవాడు తన ధనమును, కాలమును, బిడ్డల పెంపకమును, ఒక్కొక్కప్పుడు తన బుద్ధిని సయితము ఆ పటము ముందు పెట్టును. కావున భక్తునికి పటమును చూచు విధము తెలియుట విలాసము కాదు, ఆత్మరక్షణము. జపాను దేశపు మతసంస్థలు తమ చరిత్రను, తమ నాయకుని జీవితమును గొప్ప గొప్ప ఛాయాచిత్ర సంపుటములుగా అచ్చొత్తించుట కలదు. దళసరి కాగితము, గట్టి అట్ట, పెట్టెవంటి తొడుగు, పుటకొక చిత్రము: ఇట్టి సంపుటము భక్తుని యింట గ్రంథమునకు గ్రంథము, విగ్రహమునకు విగ్రహము. ఆ దేశపు అనుభవము నుండి మనము నేర్వదగిన దేమియో విచారింతము.

జపానులో పటపూజను మొదట నేర్పినది మతసంస్థ కాదు, ప్రభుత్వము. మెయిజీ చక్రవర్తిని ఉచిదా కుయిచి యను ఛాయాగ్రాహకుడు 1872, 1873 సంవత్సరములలో చిత్రించెను. 1888లో ఇటలీ దేశీయుడగు ఎదొవార్దో కియొస్సోనె చక్రవర్తి రూపమును చేతితో గీయగా, ఆ బొమ్మను ఛాయాచిత్రముగా తీసి పాఠశాలలకు పంచిరి. అనగా బాలురు చక్రవర్తి ఛాయాచిత్రమని మ్రొక్కినది నిజమునకు ఒక చిత్తరువుయొక్క ఛాయాచిత్రము. దానిని భద్రపరచుటకు పాఠశాలల యావరణములలో ప్రత్యేకముగా చిన్న మందిరములను కట్టిరి. 1898లో నగానో మండలమందలి ఉవేదా పట్టణమున ఒక పాఠశాల తగులబడి పటము దగ్ధము కాగా, ప్రధానోపాధ్యాయుడు ఆ యపరాధము తనదని ఆత్మహత్య చేసికొనెను. ఆయన కుమారుడే తరువాత రచయితగా పేరొందిన కుమె మసావో.

ఆ పటమహిమను పోగొట్టినదియు ఒక ఛాయాచిత్రమే. 1945 సెప్టెంబరు 27వ తేదీన హిరోహితో చక్రవర్తి అమెరికా సేనాని మెకార్థరును చూడబోయెను. ఆనాటి చిత్రమున సేనాని మెడగుండీ పెట్టుకొనక, చేతులు నడుమున నుంచుకొని విశ్రాంతిగా నిలిచియున్నాడు. ప్రక్కన చక్రవర్తి నిండు దుస్తులతో బిగుసుకొని నిలిచియున్నాడు. రెండు దినములకు పత్రికలు దానిని ప్రకటింపగా జపాను ప్రభుత్వము వానిని నిషేధింప జూచెను; ఆక్రమణాధికారులు ఆ నిషేధమును త్రోసివేసిరి. పొడవైన మనుష్యుని ప్రక్కన పొట్టి మనుష్యుడు! వేయి యుపన్యాసములు చేయలేని పనిని ఆ చిత్రము చేసినది. 1946 జనవరి 1న చక్రవర్తి తన దైవత్వమును తానే కాదనుటకు ముందే జనులు ఆ సంగతిని కన్నులతో చదువుకొనిరి. పటము కట్టగలదు, విప్పగలదు. కట్టునదెవరు, విప్పునదెవరు అనునదే విచారింపదగినది.

ఇక మతసంస్థ సంగతి. చక్రవర్తి పటములకు మ్రొక్కుచుండిన ఆ యుగమున తోక్యో నగరమున చాలకాలము ప్రాథమికపాఠశాలలకు ప్రధానోపాధ్యాయుడుగా నుండినవాడు మకిగుచి త్సునెసబురో. ఆయనయు, తోదా జోసెయియు కలిసి 1930లో ఒక విద్యాసంఘమును స్థాపించిరి. విలువలను సృజించుటయే విద్యకు పరమార్థమని వారి మతము. పదుమూడవ శతాబ్దపు నిచిరెను బోధించిన బౌద్ధమార్గము వారికి ఆధారము. యుద్ధకాలమున ఇసె దేవాలయపు రక్షాపత్రమును అందరును స్వీకరించి పూజింపవలెనని ప్రభుత్వము నిర్బంధింపగా మకిగుచి నిరాకరించెను. 1943 జులైలో ఆయనను, తోదాను బంధించిరి. 1944 నవంబరు 18న, 73 ఏండ్ల ప్రాయమున, మకిగుచి చెరసాలలోనే కన్నుమూసెను. ప్రభుత్వము పూజింపుమన్న వస్తువును పూజింపనని ప్రాణము విడిచినవాని సంస్థ యిది. ఈ మాటను పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక.

తోదా 1945లో విడుదలయై సంస్థను సోకా గక్కాయి యను పేరున పునరుద్ధరించెను. 1951లో అధ్యక్షపదవి నొందునప్పుడు ఏడు లక్షల యేబదివేల కుటుంబములను చేర్పుదునని ప్రతిన పూని, 1957 చివరకు దానిని నెరవేర్చెను, మరుసటియేట మరణించెను. 1960 మే 3న ఇకెదా దైసాకు మూడవ అధ్యక్షుడయ్యెను. ఆయన కాలమున సంస్థ జపాను నంతటను వ్యాపించి విదేశములకును ప్రాకినది. 1964లో రాజకీయపక్షమును స్థాపించినది. స్వంత దినపత్రిక, స్వంత ముద్రణసంస్థలు, స్వంత ఛాయాగ్రాహకులు కలిగి, తన రూపమును తానే లోకమునకు చూపగల శక్తి దానికి లభించెను. ఇకెదాయే ప్రకృతిదృశ్యములను ఛాయాచిత్రములుగా తీసినవాడు. ఆ చిత్రములు పెక్కు దేశములలో ప్రదర్శింపబడినవి. ఛాయాచిత్రముయొక్క బలమెట్టిదో ఆ సంస్థకు ఒకరు చెప్పవలసిన పని లేకుండెను.

ఇట్టి సంస్థను గూర్చిన చిత్రసంపుటములలో సాధారణముగా మూడు తెగల పుటలుండును. మొదటి తెగ మహాసభలు: క్రీడామైదానము నిండ యువకులు రంగు ఫలకముల నెత్తి అక్షరములను, ఆకృతులను కల్పించుట. రెండవ తెగ లోకప్రసిద్ధులతోడి సమావేశములు: 1972లో లండనున చరిత్రకారుడగు టాయిన్‌బీతో సంభాషణము ప్రారంభించుట, 1974 డిసెంబరులో వ్యాధిగ్రస్తుడైయున్న చైనా ప్రధాని చౌ ఎన్‌లైని కలియుట, 1990లో గోర్బచేవును దర్శించుట వంటివి. మూడవ తెగ సామాన్య సభ్యులు: ఒక వృద్ధురాలి చేయి పట్టుకొన్న నాయకుడు, శిశువు నెత్తుకొన్న నాయకుడు.

ఈ సంపుటములను సమర్థించువారి వాదమును మొదట న్యాయముగా వినవలెను. యుద్ధానంతరమున సోకా గక్కాయిలో చేరినవారిలో పెక్కురు పల్లెలు విడిచి నగరములకు కూలికి వచ్చినవారు, రోగపీడితులు, చిన్న దుకాణములవారు. పెద్దమనుష్యులు వారిని చూచి, దరిద్రులును రోగులును గుమిగూడిన సంఘమని యెగతాళి చేసిరి. అట్టివాడు ఒకనాడు సంపుటము తెరచి, వేలమందిలో తన ముఖమును గాని, తన ముఖమువంటి ముఖమును గాని చూచుకొనెను. తన్ను లోకము లెక్కించినదని వాని కప్పుడు తోచెను. అది చిన్న విషయమా? దూరపు దీవులలో నాయకుని కన్నులార చూచు భాగ్యము లేని వృద్ధురాలికి పటము ఒక ఓదార్పు కాదా? మన యిండ్లలో తాతముత్తాతల పటములు గోడల నుండుట లేదా? కృతజ్ఞత తప్పగునా?

ఈ వాదమున సత్యము కలదు. దానిని నేను కాదనను. కృతజ్ఞతను దొంగతనముగా చూచు సంస్కరణము సంస్కరణమే కాదు. ఐనను మన తార్కికులు నేర్పిన యొక మెలకువ ఇచట పనికివచ్చును. భాట్టమీమాంసకులును, అద్వైతులును ప్రత్యక్షము, అనుమానము మొదలగువానితో పాటు అనుపలబ్ధి యను ప్రమాణమును గూడ అంగీకరించిరి. నేలపై కుండ కనబడనిచో, కుండ లేదను జ్ఞానము మనకు ఆ కనబడకపోవుటవలననే కలుగుచున్నది. కాని వారు దీనికొక కట్టుబాటు చేసిరి: కుండ ఉండినయెడల తప్పక కనబడియుండవలెను, చీకటిలో కనబడకపోయినంతమాత్రమున లేదనరాదు. కనబడదగినది కనబడకపోయినప్పుడే ఆ లేమి మనకు జ్ఞానము నిచ్చును.

ఛాయాచిత్ర సంపుటమును చదువుటకు ఇంతకంటె మంచి సూత్రము నాకు తోచలేదు. ఒక్కొక్క చిత్రము నిజమే కావచ్చును. వృద్ధురాలి కన్నీరు నిజము, సభలోని జనము నిజము, కరచాలనము నిజము. కాని నూరు నిజములను ఏరి కూర్చి ఒక అబద్ధమును కట్టవచ్చును. అందుచేత పుట త్రిప్పునప్పుడు ఇందేమున్నది యని మాత్రమే కాక, ఇందు కనబడదగినది కనబడుచున్నదా యనియు ప్రశ్నింపవలెను.

సోకా గక్కాయి చరిత్రలో కనబడదగిన సంవత్సరములు కొన్ని కలవు. 1969లో ఫుజివారా హిరొతాత్సు యను రాజకీయశాస్త్రవేత్త ఆ సంస్థను ఖండించుచు గ్రంథము వ్రాయగా, దానిని వెలువడనీయకుండ సంస్థయు, దాని రాజకీయపక్షమును ఒత్తిడి చేసినవని దేశమున గొప్ప అలజడి కలిగెను. 1970 మే 3న ఇకెదా ఆ విషయమై బహిరంగముగా క్షమాపణ చెప్పెను. సంస్థను, పక్షమును వేరుపరచిరి. 1979 ఏప్రిలులో, అర్చకవర్గముతో కలతలు ముదిరిన సమయమున, ఆయన అధ్యక్షపదవిని విడిచెను. 1991 నవంబరులో ఆ యర్చకవర్గము సంస్థను వెలివేసెను. 2010 తరువాత ఆయన బహిరంగసభలలో కనబడలేదు. 2023 నవంబరు 15న మరణించువరకు సందేశములును, పటములును మాత్రము వెలువడుచునేయుండెను. ఆ జీవితమును గూర్చిన సంపుటమేదైనను చేతికి వచ్చినప్పుడు ఈ సంవత్సరముల పుటలను వెదకుడు. క్షమాపణ చెప్పినప్పటి ముఖము అందున్నదా? పదవి విడిచిన దినమున్నదా? ఉన్నయెడల ఆ కూర్చినవాడు చరిత్రకారుడు. లేనియెడల పూజారి. పూజారి యగుట నేరము కాదు. కాని తాను చరిత్రకారుడనని చెప్పుకొనుట తప్పు.

పటము ఒక్కొక్కప్పుడు తన్ను తీయించినవాని యుద్దేశమును మీరి సాక్ష్యము చెప్పుటయు కలదు. 1965 అక్టోబరులో నాలుగు దినములలో సభ్యులు 3,500 కోట్ల యెన్లకు మించిన విరాళములిచ్చిరి. ఆ ధనముతో తైసెకిజి మఠమున షోహొందో యను మహామందిరమును నిర్మించి 1972లో పూర్తిచేసిరి. సభ్యులకు అర్చకవర్గముతో తెగతెంపులైన తరువాత, 1998లో అర్చకులు దానిని పడగొట్ట నారంభించిరి. నేడు ఆ మందిరము ఛాయాచిత్రములందే నిలిచియున్నది. వైభవమును చాటుటకు తీసిన చిత్రములు, శాశ్వతమని కట్టినది ఒక తరమునైన నిలువలేదను సంగతికి సాక్షులైనవి. దినవెచ్చములో మిగిల్చి చందా యిచ్చిన గృహిణి ఆ పటమును చూచినప్పుడు ఏమనుకొనునో ఊహింపుడు. ఆ యూహకు తావిచ్చు పుట ఒక్కటైనను సంపుటమున నుండవలెను.

మతమున ఛాయాచిత్రము ఎంతటి చేటుకు త్రోవ తీయగలదో తెలుపు మరియొక యుదాహరణము ఆ దేశముననే కలదు. దీనిని సోకా గక్కాయితో ఒకే త్రాసున తూచుట అన్యాయమగును. ఛాయాచిత్రముయొక్క స్వభావమును చూపుటకు మాత్రమే చెప్పుచున్నాను. 1985లో ట్వైలైట్ జోన్ అను మాసపత్రికలో, పద్మాసనమున నుండి నేలనంటక గాలిలో నిలిచినట్లు కనబడు ఒక గడ్డపు మనుష్యుని చిత్రము వెలువడెను. ఆతడు అసహారా షోకో. పద్మాసనముననే పైకెగురుట అభ్యాసమువలన సాధ్యము. ఎగిరినవాడు మరుక్షణమున నేలకు వచ్చును. కాని చిత్రమున ఆ రెండవ క్షణము లేదు. అట్టి మహిమలను విని, చూచి చేరినవారిలో కళాశాలలలో విజ్ఞానశాస్త్రము చదివిన యువకులును ఉండిరి. 1995 మార్చి 20న ఆతని ఓమ్ షిన్రిక్యో సంస్థవారు తోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువును వదలి పదిమందికి పైగా ప్రాణములు తీసిరి, వేలమంది బాధపడిరి. 2018 జులై 6న ఆతనిని ఉరి తీసిరి. చదువు వివేకము నియ్యదని నేననను. కాని పటమున లేని క్షణమును గూర్చి ప్రశ్నించుట చదువులో భాగము కానిచో, ఆ చదువు కాపాడదు.

ఐనచో మంచి సంపుటమెట్టిది? దీనికిని జపానే బదులు చెప్పినది. దోమన్ కెన్ అను మహాఛాయాగ్రాహకుడు 1960లో చికుహో బొగ్గుగనుల ప్రాంతపు బాలుర చిత్రములను సంపుటముగా ప్రకటించెను. గనులు మూతబడి తండ్రులు పనులు కోల్పోయిన కాలమది. బీదలు సయితము కొనవలెనని దానిని ముదుక కాగితముపై అచ్చొత్తించి నూరు యెన్లకే అమ్మించెను. చిత్రమునకై ఎవరిని నిలబెట్టరాదు, నవ్వించరాదు, ఏడ్పించరాదు అనునది ఆయన నియమము. ఆ పుస్తకమున నాయకుడు లేడు. ఎవరును ఒకే దిక్కునకు చూచుటలేదు. ఇకెదా అధ్యక్షుడైనదియు ఆ 1960లోనే. ఆ బాలురవంటివారి తలిదండ్రులే ఆ కాలమున కొత్త మతసంస్థలలో వేలకొలది చేరిరి. ఒకే ప్రజ, ఒకే కాలము. ఒక సంపుటమున వారు తమంతట తామున్నారు, మరియొకదానిలో ఒకని చుట్టు ఉన్నారు. నేను సంపుటములను కొలుచు కొలత యిదియే. అందరి ముఖములును ఒకే వైపు తిరిగియున్న పుస్తకమున, ఆ ముఖములు ఎంత సంతోషముగా నున్నను, నాకు భయము కలుగును.

చిత్రమేమనగా, ఈ మెలకువ సోకా గక్కాయివారి యుపాసనలోనే దాగియున్నది. వారి యింట పూజాస్థానమున నుండునది బుద్ధుని విగ్రహము కాదు, నిచిరెను పటము కాదు. నిచిరెను వ్రాసిన అక్షరమండలము యొక్క ప్రతి. సద్ధర్మపుండరీక సూత్రమునకు నమస్కారమను మాట దాని నడుమ నుండును. దానిని ఛాయాచిత్రముగా తీయుట అమర్యాద యని వారు భావింతురు. పూజింపదగినది పటమునకందరాదు, పటమునకందినది పూజింపదగినది కాదు: ఇది వారి ధర్మమునుండియే తీయదగిన నీతి. ఈ భావము మన తెలుగునేలకును క్రొత్తది కాదు. అమరావతి స్తూపపు శిలాఫలకములలో ప్రాచీనమైనవానిని చూచినచో బుద్ధుడు కనబడడు; పాదముద్రలు, ధర్మచక్రము, బోధివృక్షము, ఖాళీ ఆసనము మాత్రమే కనబడును. చుట్టునున్నవారు ఆ ఖాళీ ఆసనమునకు చేతులు జోడించియున్నారు. మనుష్యరూపము తరువాత వచ్చినది. శిల్పికి బుద్ధుని రూపము చెక్కుట చేతగాక ఆసనమును ఖాళీగా విడువలేదు. ధర్మము ఉన్నచోట మనిషి కనబడనక్కరలేదని ఆ కాలపు భక్తులకు తోచియుండును.

మకిగుచి ఒక పత్రమునకు మ్రొక్కనని చెరసాలకేగెను. ఆయన శిష్యపరంపరకు ఆయన విడిచిన ఆస్తి ఆ నిరాకరణమే. ఆయన పటమును గోడకు తగిలించుట సులభము. తమ నాయకుని పటము ముందు నిలిచి, అవసరమైనప్పుడు కాదని చెప్పగల ధైర్యమును నిలుపుకొనుట కష్టము. మొదటిది చేసి రెండవదానిని మరచినచో ఆయన జ్ఞాపకమునకు మర్యాద జరిగినట్లు కాదు. ఇది ఏ గురువు శిష్యులకైనను వర్తించును.

మన యిండ్ల గోడలపైనను పటములు కలవు. వానిని దింపుడని నేను చెప్పుటలేదు. ఎన్నడో ఒకనాడు మీ యింటి పసిబిడ్డ పటము ముందు నిలిచి, "అమ్మా, ఈయన యెవరు?" అని యడుగును. ఆయన గొప్పవాడని చెప్పుడు. ఏమి చేసెనో చెప్పుడు. తరువాత, ఆయన పొరపడిన సందర్భమొకటి మీకు తెలిసియున్నయెడల దానిని గూడ చెప్పుడు. తెలియనియెడల, ఈ పటములో కనబడనిది గూడ కొంత యుండునమ్మా, పెద్దదానవైన తరువాత నీవే వెదకుకొనుమని చెప్పుడు. ఆ మాట విని పెరిగిన బిడ్డ గురువును గౌరవించును; ఎవనికిని తన బుద్ధిని తాకట్టు పెట్టదు.